విషయం: తెలియదు

మా ఆఫీసుకి వచ్చే ప్రతి కాగితానికీ ఒక విషయం ఉంటుంది. ఉండి తీరాలి. ఇన్‌వర్డ్ రిజిస్టరులో నాలుగో గడి గీసింది దానికోసమే. కాగితంలో విషయం లేకపోయినా ఫరవాలేదు గానీ గడిలో మాత్రం ఉండాలి. ఇరవై రెండేళ్లుగా ఆ గడి నింపుతున్నవాణ్ణి నేనే. పేరు తాతబ్బాయి, హోదా సీనియర్ అసిస్టెంటు, శాఖ మురుగు కాల్వలు. కోనసీమలో మా వైపు చేలల్లో మిగిలిన నీళ్లన్నీ సముద్రంలోకి పోవడానికి తవ్విన డ్రెయిన్లు మా అధీనంలో ఉంటాయి. నీళ్లు పోతున్నాయా లేదా అన్నది వేరే సంగతి.

డిసెంబరు మొదటి సోమవారం పోస్టులో ఆ కవరు వచ్చింది.

ఖాకీ రంగు కవరు. లోపల గుడ్డ అతికించిన రకం. వెనకాల అయిదు చోట్ల ఎర్ర లక్క. ముందువైపు ‘అత్యంత రహస్యము’ అని పెద్ద అచ్చు, దాని కింద ‘శ్రీయుత డి.ఇ. (ప్రత్యేక విధులు) వారు స్వయముగా మాత్రమే తెరువవలెను’ అని చిన్న అచ్చు. పంపిన ఆఫీసు ముద్ర మీద పోస్టాఫీసు ముద్ర పడి, రెండూ చదవడానికి పనికిరాకుండా పోయాయి.

మా సూపరింటెండెంటు భుజంగరావు గారు దాన్ని రెండు వేళ్లతో అంచు పట్టుకుని పైకెత్తారు. “బరువుగా ఉందయ్యా తాతబ్బాయ్. ఒక్క కాగితం అయితే ఇంత బరువుండదు. జతపరచినవి కూడా ఉన్నాయి,” అన్నారు. ఆ ‘జతపరచినవి’ అన్న మాట దగ్గర ఆయన గొంతు తగ్గింది.

ఇద్దరం కలిసి డి.ఇ., అంటే డిప్యూటీ ఇంజనీరు, విశ్వంభరం గారి గదిలోకి తీసుకెళ్లాం. ఆయన కవరు మీద రాసింది చదివి, కుర్చీని ఒక జానెడు వెనక్కి జరుపుకున్నారు.

“ఇది నాది కాదు. నేను డి.ఇ. జనరల్‌ని. ప్రత్యేక విధుల డి.ఇ. పోస్టు మూడేళ్ల కిందట రద్దు కాబడినది.”

“అయితే వెనక్కి పంపేద్దామాండి?” అన్నాను.

“ఎవరికి?”

ముగ్గురం ముద్రని వెలుతురుకేసి పట్టి చూశాం. ఏమీ తెలియలేదు.

“పంపినది ఎవరో తెలియాలంటే తెరవాలి,” అన్నారు డి.ఇ. గారు, “తెరిచే అధికారం గల అధికారి లేరు. లేని అధికారి అధికారాన్ని ఉన్న అధికారి వినియోగించడం ఎంత తీవ్రమైన విషయమో మీకు వేరే చెప్పనవసరం లేదు. యథాతథ స్థితిని కొనసాగించండి.”

నేను నా బల్ల దగ్గరకొచ్చి రిజిస్టరు తెరిచాను. నాలుగో గడి దగ్గర కలం ఆగిపోయింది. చివరికి ‘తెలియదు’ అని రాశాను. ఇరవై రెండేళ్లలో నాకు తెలియకుండా నింపిన గడులు చాలా ఉన్నాయి గానీ, తెలియదని రాయడం మాత్రం అదే మొదలు. తరవాత ఆ కవరుని హాలు మధ్యలో గాజు తలుపుల బీరువాలో నిలబెట్టాం, అందరి కళ్లెదుటా ఉంటే ఎవరూ ముట్టుకున్నారన్న మాట రాకుండా ఉంటుందని.

విషయం ఫలానా అని తెలిస్తే అందరికీ కలిపి ఒకే భయం ఉండేది. తెలియకపోయేసరికి ఎవరి భయం వాళ్లు ఇంటినుంచి తెచ్చుకున్నారు. భుజంగరావు గారికి తన పుట్టినతేదీ మీద ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారని అనుమానం. ఆయన సర్వీసు రిజిస్టరు ప్రకారం వాళ్ల తమ్ముడి కన్నా నాలుగు నెలలు చిన్న. అటెండరు ఏసుపాదం ఏమీ అనలేదు గానీ, రెండేళ్ల కిందట మాయమైన గోడగడియారం మర్నాడు పొద్దున్న గోడ మీద టిక్కుటిక్కుమంటూ కనిపించింది. డి.ఇ. గారు మంగళవారం ఒక్కరోజే మూడుసార్లు కొంగలతిప్ప డ్రెయిను ఫైలు తెప్పించుకున్నారు. ఆ డ్రెయిను పూడిక కిందటేడే తీసేశాం. ఫైల్లో నిర్దుష్టంగా తీశాం. డ్రెయిన్లో మాత్రం తియ్యలేదు.

నా భయమూ చెప్పాలి కదా. నా సొరుగులో అడుగున పదకొండు అర్జీలు ఉన్నాయి. అన్నీ కొంగలతిప్ప నూకరత్నంవే. ఆమె అక్కడి బడిలో పిల్లలకి మధ్యాహ్నం వంట చేస్తుంది. తిప్ప అవతలి పిల్లలు డ్రెయిను దాటి బడికి రావాలి, ఒక కాలిబాట వంతెన వేయించండి బాబూ అని ఆమె కోరిక. ప్రతి అర్జీ తీసుకున్నప్పుడూ ‘పరిశీలనలో ఉంది’ అనేవాణ్ణి. ఫైలు తెరవాలంటే కొత్త అట్ట కావాలి, అట్ట ఇమ్మని స్టోర్సుకి ఇండెంటు పెట్టాలి, అందుకని తెరవలేదు. ఆమె నా మీద పైకి రాసిందని, కవర్లో ఉన్నది ఆ ఉత్తరమేనని నాకు గట్టి నమ్మకం. ఆ వారమే అట్టకి ఇండెంటు పెట్టాను.

సంక్రమించిన జబ్బులాగా ఆఫీసంతా పని పట్టుకుంది. పదిన్నరకి వచ్చేవాళ్లం పదికి వచ్చాం. వచ్చినవాళ్లని కూర్చోమన్నాం. జనవరిలో పొక్లెయిను తెప్పించి కొంగలతిప్ప డ్రెయినుని ఈ కొస నుంచి ఆ కొసదాకా నిజంగా తవ్వించారు డి.ఇ. గారు. గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి, ‘ఇంకా లోతు, ఇంకా లోతు’ అన్నారట. కిందటేడు తియ్యని పూడిక కూడా కలిపి తీసేశారు.

ఫిబ్రవరిలో నూకరత్నం వచ్చింది. వస్తూనే దణ్ణం పెట్టింది.

“చాలా బాగా తవ్వించేరండి. ఆయ్. ఇదివరకు పూడుంటే పిల్లలు మోకాల్లోతు బురదలో పడతా లేస్తా దాటేసేవోరండి. ఇప్పుడు దాటితే మునిగిపోతారండి.”

“మరి బడికి ఎలా వస్తున్నారు?”

“తాటిదోనె మీద నలుగురేసి లెక్కన నేనే దాటిత్తన్నానండి. మొన్న తిరగబడింది. అందర్నీ జుట్టు పట్టుకుని లాగేసేననుకోండి. దుర్గాభవానని మూడో తరగతి పిల్ల, అది మళ్లీ గట్టు దగ్గరకే రాటం లేదండి. నీళ్లకి భయమేంటే, రోజూ చూసేవే కదా అంటే, ‘అడుగు కనపట్టం లేదు పిన్నీ’ అంటాదండి.”

మేం భయపడి చేసిన పనికి ఆ పిల్ల బడి మానేసిందని నాకు అప్పుడు తెలిసింది. చాలా సిగ్గేసింది. సిగ్గుపడుతూనే పన్నెండో అర్జీ తీసుకుని, ఈసారి ఫైల్లో పెట్టాను.

ఈలోగా నా నాలుగో గడి దేశం మీద పడింది. పదిహేను రోజులకోసారి పెండింగు కాగితాల జాబితా పై ఆఫీసుకి పంపాలి. అందులో ‘విషయం: తెలియదు. చర్య: పరిశీలనలో ఉంది’ అని ఒక వరుస పోతూ వచ్చింది. నాలుగో జాబితా దగ్గర డైరెక్టరేటు వారు కళ్లు తెరిచారు. తెలియని విషయమును ఏ విధముగా పరిశీలించుచున్నారో తెలియజేయవలసినదని అడిగారు. దూరం నుంచి చూస్తున్నామని జవాబు రాశాం. ఆ జవాబు పట్టుకుని డైరెక్టరు గారే స్వయంగా దిగారు. పదింటికి అందరూ కుర్చీల్లో ఉండడం, డ్రెయిన్లో నీళ్లు కదలడం ఆయన చూశారు.

“దీనికి కారణం?” అన్నారు.

అందరం గాజు బీరువాకేసి చూశాం.

నెల తిరక్కుండా పద్నాలుగు పేజీల ఉత్తర్వు వచ్చింది. పథకం పేరు ‘అగోచర పర్యవేక్షణా విధానము’. రాష్ట్రంలో శాఖకి చెందిన ప్రతి ఆఫీసులోనూ సీలు వేసిన కవరు ఒకటి ఎదురుగా ఉండాలి. ఎన్నటికీ తెరవకూడదు. ‘లోపలి విషయము చూచువారికి తెలియరాదు. పంపువారికి సైతము తెలిసియుండరాదు, ఏలయన తెలిసినది ఎప్పటికైనను పొక్కును’ అని ఆరో పేరాలో ఉంది. దానికి ముగ్గురు అధికారుల కమిటీ వేశారు. మూడు కుప్పలు: తెల్లకాగితాలు, మెమోలు, ప్రశంసాపత్రాలు. కమిటీ వారు కళ్లు మూసుకుని చేతికందినది కవర్లో పెట్టి అంటించాలి. నాలుగు వందల కవర్లు అలా అంటించాక కమిటీ సభ్యులకి ఒకరి మీద ఒకరికి అనుమానం వచ్చి, కమిటీకి కూడా ఒక కవరు మంజూరు చేయమని రాసుకున్నారు. మంజూరయింది. డైరెక్టరు గారు కూడా ఆదర్శంగా ఉండాలని తన గదిలో ఒకటి పెట్టించుకున్నారు. అప్పట్నుంచీ ఆయన కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుంటున్నారని వాళ్ల డ్రైవరు చెప్పాడు.

మాది ‘మూల కవరు’ అయింది. పక్క జిల్లాల వాళ్లు వచ్చి చూసి వెళ్లేవారు. ఒకటే ఇబ్బంది, దాని మీద దుమ్ము పేరుకుంటోంది. ఆఫీసు విషయంలో ఏ తప్పూ చేయనివారు దుమ్ము దులపవచ్చునని డి.ఇ. గారు నోట్ ఆర్డరు వేశారు. దుమ్ము అలాగే ఉంది.

ఏప్రిల్ నెలాఖరులో నూకరత్నం మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో చిన్న చీటీ ఉంది.

“మీ పైనున్న సర్కిల్ ఆఫీసుకెల్లేనండి. వంతెనకి ఆర్డరు డిసెంబరులోనే ఇచ్చేసేరంటండి. మీకే పంపేరంట. నంబరు కూడా రాసిచ్చేరు. మామూలు కవర్లు అయిపోతే, రహస్యం కవర్లు పాతవి ఉంటే అందులో పెట్టేసేరంటండి.”

ఆ చీటీ చదవకుండానే నా చూపు బీరువా మీదకి పోయింది. భుజంగరావు గారి చూపూ అక్కడికే వచ్చింది. ఆమెని వెంటబెట్టుకుని ఇద్దరం డి.ఇ. గారి దగ్గరకెళ్లాం.

ఆయన చీటీ రెండు వైపులా చదివారు. “అమ్మా, నీ ఆర్డరు విషయం ఏమిటి?”

“వంతెనండి.”

“అనగా తెలిసిన విషయం. ఆ బీరువాలో ఉన్న కవరు విషయం ఏమిటి, తాతబ్బాయి గారూ?”

“తెలియదండి,” అన్నాను.

“రిజిస్టరు ప్రకారమేనా?”

“రిజిస్టరు ప్రకారమేనండి.”

“కాబట్టి అది ఇది కాదు,” అని ఆయన చీటీ వెనక్కిచ్చారు.

నూకరత్నం కదలలేదు. “కాల్వలు కట్టేసేరు కదండీ, ఇప్పుడు డ్రెయిన్లో నీళ్లు తగ్గేయి. జూన్ ఒకటికి మళ్లీ నీళ్లొదిలేత్తారండి. ఈలోగా పని చెయ్యాపోతే మళ్లీ ఏడాది ఆగాలండి. ఓపాలి విప్పి చూత్తే ఏం పోద్దండి?”

“ఏం పోతుందో తెలియదు కనుకనే విప్పడం లేదమ్మా,” అన్నారు డి.ఇ. గారు. చాలా సౌమ్యంగానే అన్నారు.

మే పద్దెనిమిదిన మా ఆఫీసు ఆవరణలో మూల కవరుకి టేకు పెట్టె చేయించి ప్రతిష్ఠ కార్యక్రమం పెట్టారు. షామియానా, మైకు, బంతిపూల తోరణాలు, ముందు వరుసలో ఇరవై మంది ఇంజనీర్లు. బల్ల మీద పట్టుగుడ్డ, దాని మీద కవరు, దాని మీద దుమ్ము. డైరెక్టరు గారు మైకు అందుకున్నారు.

“కనిపించే అధికారి సాయంత్రం అయిదింటికి ఇంటికి వెళ్లిపోతాడు. కనిపించని అధికారికి పనివేళలు లేవు. మనం ఇన్నాళ్లూ తెలిసిన నిబంధనలతో సిబ్బందిని నడిపించజూశాం. తెలిసిన నిబంధనకి మినహాయింపు కూడా తెలిసే ఉంటుంది. తెలియనిదానికి మినహాయింపు ఎక్కడ వెతుకుతారు?”

చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లలోనే నూకరత్నం పక్కవరుసలోంచి నడిచి వచ్చి బల్ల దగ్గర నిలబడింది. చీర కుచ్చిళ్లకి డ్రెయిను బురద ఇంకా ఆరలేదు.

“అయ్యా, ఇందులో మా వంతెన ఉందండి. పదమూడు రోజులే ఉన్నాయండి. మీరు విప్పండి, లేపోతే నేను విప్పుతాను.”

“విప్పితే ఏమవుతుందో నీకు భయం లేదా?” అన్నారు డైరెక్టరు గారు మైకులోనే.

“మీరంటే ఉద్యోగస్తులండి. నన్ను ఏ ఊరు బదిలీ చేత్తారు? బడి ఉన్నన్నాళ్లూ ఇరవై మంది పిల్లల్ని దోనె మీద పెట్టుకుని రోజూ అయిదేసి తిరుగుళ్లు తిరిగేనండి. ఇంతకన్నా ఏం భయపెడతారు బాబూ నన్ను?”

అని, కవరు అందుకుని బొటనవేలితో లక్క ఊడదీసింది.

ముందు వరుసలో ఇరవై మందీ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. చూడకపోతే బాధ్యత ఉండదు. భుజంగరావు గారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఏసుపాదం ప్రార్థన చేసుకుంటున్నాడు.

“తాతబ్బాయి గారూ, ఇంగ్లీషులో ఉందండి. చదవండి,” అంది ఆమె.

నేను కళ్లు మూసుకునే కాగితం అందుకున్నాను. కళ్లు మూసుకుంటే చదవడం కుదరదు కాబట్టి తెరిచాను. కొంగలతిప్ప దగ్గర కాలిబాట వంతెనకి అనుమతి. మీ యార్డులో పడి ఉన్న ఇనప గర్డర్లు వాడుకోవచ్చునని కూడా ఉంది. ఆ బరువంతా ఎనిమిది మడతలు పెట్టిన వంతెన పటానిది. నా మీద ఒక్క ముక్క లేదు. గట్టిగా చదివాను. ఆమె నా మీద ఎవరికీ ఏమీ రాయలేదు.

షామియానాలో హమ్మయ్య అన్న గాలి ఒకటి వీచింది. అది అర నిమిషం నిలిచింది.

“అంటే,” అన్నారు డి.ఇ. గారు మెల్లిగా, “ఇది ఆ కవరు కాదన్నమాట.”

“కాదు,” అన్నారు డైరెక్టరు గారు. “ఇది వంతెన కవరు. మన గురించి వచ్చిన కవరు వేరే ఉండి ఉండాలి.”

“ఆర్నెల్ల నుంచీ కనిపించకుండా ఉందంటే...” అని భుజంగరావు గారు మాట పూర్తి చెయ్యలేక రికార్డు రూములోకి పరిగెత్తారు. ఆయన వెనకాల డి.ఇ. గారు, ఆయన వెనకాల ఇంజనీర్లు, చివరికి డైరెక్టరు గారు. లోపల బీరువాలు తెరుస్తున్న చప్పుడు, కట్టలు కిందపడుతున్న చప్పుడు, తుమ్ములు వినపడ్డాయి. షామియానా కింద నేను, నూకరత్నం, మంజూరు ఆర్డరు మిగిలాం.

“డి.ఇ. గారు దీని మీద సంతకం ఎప్పుడెడతారండి?” అంది.

“వాళ్ల కవరు దొరికాక.”

“దొరక్కపోతేనండి?”

ఆమె కాసేపు రికార్డు రూము వైపు చూసింది. తరవాత నా మొహంలోకి చూసింది.

“మీ దగ్గర ఇంకో కవరుందాండి? లక్క ఉందాండి?”

రెండూ ఉన్నాయి. ఉద్యోగంలో చేరాక ఎవరైనా అడిగిన వస్తువుని ఇండెంటు లేకుండా ఇవ్వడం అదే మొదటిసారి. కొవ్వొత్తి వెలిగించాను. లోపల ఏం పెట్టమంటావని అడిగాను.

“ఏం పెట్టకండి. పెడితే ఎప్పుడో తెలిసిపోద్ది.”

అయిదు చోట్ల లక్క పోశాను. పైన ‘కొంగలతిప్ప వంతెన పూర్తి అయిన పిమ్మట మాత్రమే తెరువవలెను’ అని గుండ్రంగా రాసి, గాజు బీరువాలో నిలబెట్టి వచ్చి కూర్చున్నాను.

సాలెగూళ్లతో బయటికొచ్చిన డి.ఇ. గారు ముందుగా దాన్ని చూశారు. “దొరికింది,” అన్నారు నీరసంగా. అందరి మొహాల్లోకీ ప్రాణం వచ్చింది. మనిషి భయం మనిషికి దొరికితే ఎంత స్థిమితమో ఆ రోజు చూశాను. దాని మీద రాసింది ఒకరి భుజం మీంచి ఒకరు చదివారు. ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు, అడిగితే జవాబు వస్తుందని. డి.ఇ. గారు అక్కడే నిలబడి మంజూరు ఆర్డరు మీద సంతకం చేశారు.

మర్నాడు గర్డర్లు కదిలాయి. డి.ఇ. గారు గట్టు మీద మళ్లీ గొడుగు వేసుకుని నిలబడ్డారు. ఇరవై మంది ఇంజనీర్లు వంతులు వేసుకుని వచ్చి మేస్త్రీలకి ఇటుకలు అందించారని చెప్తే మీరు నమ్మరు గానీ, అందించారు. మే ముప్పయ్యో తారీఖుకి వంతెన పూర్తయింది. బడి తెరిచిన రోజున నేను సెలవు పెట్టి వెళ్లి చూశాను. దుర్గాభవాని కమ్మీ పట్టుకుని ఒక్కో అడుగే వేసి, మధ్యలో ఆగి, కిందికి తొంగి చూసింది. అడుగు అప్పటికీ కనిపించడం లేదు. అయినా నీళ్లలోకి ఉమ్మేసి, ఎక్కడ పడిందో చూసి, మిగతా సగం పరిగెత్తింది. నూకరత్నం అవతలి గట్టున గరిటె పట్టుకుని నిలబడి పడీ పడీ నవ్వింది.

ఇక నిబంధన ప్రకారం కవరు తెరవొచ్చు. వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. తెరవడానికి ఎవరు అర్హులన్నది నిర్ణయించవలసి ఉందని డి.ఇ. గారు రాశారు. భుజంగరావు గారు మాత్రం పొద్దున్న వస్తూనే ఆ బీరువా ముందు నిలబడేవారు. మనిషి సగం అయిపోయారు. క్యారేజీ విప్పి, రెండు ముద్దలు తిని మూసేసేవారు. నాకు జాలి వేసింది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరూ లేకుండా చూసి పక్కన కూర్చున్నాను.

“సూపరింటెండెంటు గారూ, మీరు బెంగెట్టుకోకండి. ఆ కవర్లో ఏమీ లేదండి. నేనే లక్క వేశాను. ఖాళీ కవరు. లోపల ఒక్క కాగితం ముక్క కూడా లేదు, మా పిల్లల మీద ఒట్టు.”

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా మొహంలోకి చాలాసేపు చూశారు. నేను అబద్ధం ఆడటం లేదని ఆయనకి అర్థమైంది. మెల్లిగా క్యారేజీ గిన్నె పక్కకి జరిపి, గొంతు తగ్గించి అన్నారు:

“అయితే, ఇంకా రాయలేదన్నమాట.”